ఒక ఇంటిపేరు, నాలుగు లేబుళ్ళు: బర్గండీ ద్రాక్షతోటల పంపకాల కథ

ఫ్రాన్స్‌లోని వోన్-రొమనే అనే చిన్న ఊరి రెడ్ వైన్ కొందామని వెళ్ళినవాళ్ళకి షాపులో ఒక తికమక ఎదురవుతుంది. ఒక సీసా మీద మిషెల్ గ్రో అని ఉంటుంది. పక్కదాని మీద ఆన్ గ్రో. ఇంకోదాని మీద ఎ. ఎఫ్. గ్రో. నాలుగోదాని మీద గ్రో ఫ్రేర్ ఎ స్యోర్, అంటే గ్రో అన్నాచెల్లెళ్ళు. నాలుగూ ఒకే కంపెనీ బ్రాండ్లనుకుని ఏదో ఒకటి తీసుకుంటే సరిపోతుందనిపిస్తుంది. కానీ అవి నాలుగు వేర్వేరు సంస్థలు. నేలమాళిగలు వేరు, పీపాలు వేరు, బ్యాంకు ఖాతాలు వేరు. వాటి వెనక ఉన్నవాళ్ళంతా ఒకే ముత్తాత వంశంలోని దాయాదులు.

కుటుంబం నడిపే ఫ్రెంచ్ ద్రాక్షతోట అనగానే తాత నాటిన తోటలో మనవడు కాయలు కోస్తున్న ఫొటోలు చూపిస్తారు. అది అబద్ధమేమీ కాదు, కానీ సగమే నిజం. తోట చేతులు మారేటప్పుడు నోటరీ దగ్గర కూర్చుని వేసుకునే వాటాల లెక్క ఆ ఫొటోల్లో కనపడదు. బర్గండీ వైన్ ఎందుకింత గజిబిజిగా ఉంటుందో, ఒకే తోట పేరుతో పదిమంది ఎందుకు వైన్ అమ్ముతారో, ధర ఎందుకంత పలుకుతుందో తెలియాలంటే ఆ లెక్కే చూడాలి.

ముందు నేల సంగతి

దిజోన్ నగరం నుంచి దక్షిణంగా బోన్ పట్నం మీదుగా సుమారు 50 కిలోమీటర్లు ఒక సన్నని కొండవాలు సాగుతుంది. పేరు కోత్ దోర్. తూర్పుకి తిరిగిన వాలు కాబట్టి పొద్దున్నే ఎండ తగులుతుంది. కింద సున్నపురాయి, దానిమీద బంకమట్టి, అక్కడక్కడ సున్నం కలిసిన మెత్తటి మట్టి. వాలు మధ్యభాగంలో మట్టి పలచగా ఉండి నీళ్ళు నిలవవు, కిందికి వచ్చేకొద్దీ మట్టి లోతు పెరుగుతుంది. ఇక్కడ రెడ్ వైన్ అంటే దాదాపు అంతా పినో న్వార్ అనే ఒక్క రకం ద్రాక్షే. పండు ఒకటే, ఊరు ఒకటే అయినప్పుడు రుచిలో తేడాకి కారణం నేలే అని ఇక్కడివాళ్ళు ఎప్పుడో తేల్చేసుకున్నారు. నేలను చిన్నచిన్న మళ్ళుగా గుర్తించి ఒక్కోదానికి పేరు పెట్టుకున్నారు. ఆ మళ్ళని క్లిమా అంటారు. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు లెక్కకు వచ్చినవి 1,247.

వీటికి నాలుగు మెట్లున్నాయి. అడుగున బర్గండీ అనే ప్రాంతం పేరు మాత్రమే ఉన్న వైన్. దానిపైన ఊరి పేరుతో వచ్చేది. ఆ పైన ప్రీమియే క్రూ, అన్నిటికంటే పైన గ్రాఁ క్రూ. గ్రాఁ క్రూలు మొత్తం 33. బర్గండీలో తయారయ్యే వైన్‌లో వాటి వాటా ఒక శాతం ప్రాంతంలోనే ఉంటుంది. వోన్-రొమనేలో అలాంటివి ఆరున్నాయి. రొమనే-కోంతి తోట 1.81 హెక్టార్లు, అంటే నాలుగున్నర ఎకరాలు. ప్రపంచంలో అత్యంత ఖరీదైన సీసాల్లో కొన్ని ఆ నాలుగున్నర ఎకరాల నుంచే వస్తాయి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి. ఈ హోదా నేలది, యజమానిది కాదు. రిష్‌బూర్ అనే గ్రాఁ క్రూ 8 హెక్టార్లు, అంటే 20 ఎకరాలు. దాన్ని పది ముక్కలు చేసినా ప్రతి ముక్కా రిష్‌బూరే. ఎకరం వాటా వచ్చినవాడు కూడా తన సీసా మీద అదే పేరు, అదే హోదా వేసుకోవచ్చు. ఫ్రాన్స్‌లోని ఇంకో పెద్ద వైన్ ప్రాంతమైన బోర్డోలో ఇలా ఉండదు. అక్కడి 1855 నాటి వర్గీకరణ హోదాని షాతోకి, అంటే ఎస్టేట్‌కి ఇచ్చింది. ఎస్టేట్‌ని ముక్కలు చేస్తే ఆ పేరు ఒక్కరికే మిగులుతుంది, మిగతావాళ్ళకి మట్టి మిగులుతుంది. అందుకే బోర్డో పెద్ద కుటుంబాలు ముందే జాగ్రత్తపడ్డాయి. షాతో లతూర్ వారసులు 1842లోనే ఆస్తిని ఒక కంపెనీగా మార్చి నేలకి బదులు షేర్లు పంచుకున్నారు. బర్గండీ రైతుకి ఆ అవసరం కనపడలేదు. ముక్కలు చేసినా పేరు పోదు కదా.

చట్టం ఏమంటుంది

ఈ ముక్కల కథకి సాధారణంగా నెపోలియన్‌ని బాధ్యుణ్ణి చేస్తారు. ఫ్రెంచ్ విప్లవం పెద్దకొడుకు హక్కుని రద్దు చేసింది, 1804 సివిల్ కోడ్ పిల్లలందరికీ సమానవాటా ఇచ్చింది, అప్పటినుంచి తరతరానికీ తోటలు చీలిపోయాయి అని. ఏ వైన్ పుస్తకం తెరిచినా మొదటి అధ్యాయంలో ఈ మాటే కనిపిస్తుంది. వినడానికి బాగుంటుంది కానీ పూర్తిగా నిలబడదు.

క్లో ద వూజో సంగతే చూడండి. గోడ కట్టిన 50 హెక్టార్ల తోట అది, మన లెక్కలో 125 ఎకరాలు. సీతో మఠం సన్యాసులు మధ్యయుగాల్లో కొద్దికొద్దిగా కూడబెట్టి ఒక్కటి చేశారు. విప్లవ కాలంలో ప్రభుత్వం స్వాధీనం చేసుకుని అమ్మేసింది. 1818లో ఊవ్రార్ కుటుంబం చేతికి వచ్చింది. ఆ తర్వాత 70 ఏళ్ళు, సివిల్ కోడ్ అమల్లో ఉండగానే, ఒక్క ముక్కా చెక్కుచెదరలేదు. 1889లో అది విడిపోయింది పంపకాల వల్ల కాదు, అమ్మకం వల్ల. ఫిలాక్సెరా అనే వేరు పురుగు ద్రాక్షతోటల్ని తినేస్తున్న రోజులవి. పాత తీగలు పీకి, అమెరికా వేరు మీద అంటుకట్టిన కొత్త తీగలు నాటాలంటే బోలెడు డబ్బు కావాలి. నేల ధరలు పడిపోయాయి. పెద్దలు అమ్ముకున్నారు, చిన్న వ్యాపారులూ తోటపనివాళ్ళూ కొనుక్కున్నారు. ఆ తర్వాత ఆ కొన్నవాళ్ళ పిల్లల మధ్య పంపకాలు జరిగాయి. ఇప్పుడు ఆ 125 ఎకరాలకి దాదాపు 80 మంది యజమానులు.

అయితే కోడ్‌ని పూర్తిగా వదిలేయడానికి కూడా లేదు. ఫ్రాన్స్‌లో తల్లిదండ్రులు పిల్లలకి ఆస్తి లేకుండా చేయలేరు. ఒక్కరే సంతానమైతే ఆస్తిలో సగం, ఇద్దరైతే మూడింట రెండు వంతులు, ముగ్గురూ ఆపైన ఉంటే నాలుగింట మూడు వంతులు వాళ్ళకి చెంది తీరాలి. మిగిలిన భాగం వరకే వీలునామా పనిచేస్తుంది. మన దగ్గర హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి తన స్వార్జితాన్ని వీలునామా రాసి ఎవరికైనా ఇచ్చేయొచ్చు, పిల్లలు కోర్టుకెక్కినా పెద్ద ప్రయోజనం ఉండదు. ఫ్రాన్స్‌లో ఆ ఆట సాగదు. (ఈ కోడ్ తెలుగు నేలకి మరీ అంత దూరపు చుట్టమేమీ కాదు. ఫ్రెంచ్ ఏలుబడిలోని మన యానాం, పాండిచ్చేరి వగైరాల్లో ఉన్న భారతీయులు తమ సొంత ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచ్ సివిల్ కోడ్ కిందికి వచ్చే వీలుని 1881 నాటి ఒక డిక్రీ కల్పించింది.)

దీనికి తోడు ఉమ్మడిలో ఉండమని ఎవరినీ బలవంతం చేయకూడదన్న నియమం ఇంకోటి. వారసుల్లో ఏ ఒక్కరు పంచమన్నా పంచాల్సిందే.

మరి పంచేది ఎలా? ఇక్కడే అసలు మెలిక ఉంది. 1804 నాటి కోడ్ వాటాని వస్తురూపంలో అడిగే హక్కు ఇచ్చింది. పొలముంటే ప్రతి వాటాలోనూ పొలం, ఇల్లుంటే ఇల్లు అన్నట్టుగా లాట్లు సమానంగా ఉండేలా చూడాలి. అది కుదరకపోతే వేలం వేయాలి. ఈ నియమం ఎంత కఠినంగా ఉండేదో తెలియాలంటే వోన్-రొమనేలోనే 1933లో జరిగింది చూడాలి. లీజే-బెలేర్ అనే ప్రభువుల కుటుంబానికి ఆ ఊళ్ళో లా రొమనే, లా తాష్ లాంటి మేలిమి తోటలుండేవి. వారసులు పదిమంది. వాళ్ళలో మైనర్లున్నారు. మైనర్ల వాటాకి అన్యాయం జరగకూడదని అప్పటి చట్టం మొత్తం ఆస్తిని వేలానికి పెట్టించింది. 1933 ఆగస్టు 31న అన్నీ వేలమయ్యాయి. లా తాష్ రొమనే-కోంతి యజమానుల చేతికి పోయింది. వారసుల్లో ఇద్దరు, ఒకాయన చర్చి మతాధికారి, కలిసి లా రొమనేని మాత్రం తిరిగి కొనుక్కోగలిగారు. అది ఎకరాలలో చెప్పాలంటే రెండుకి కాస్త ఎక్కువ. పిల్లల్ని కాపాడాలన్న చట్టం ఆ పిల్లల పూర్వీకుల తోటనే కాపాడలేకపోయింది.

1938లో ఒక డిక్రీ ఈ బిగువుని సడలించింది. పొలాలు చితికిపోకుండా చూడాలని, వాటాలు వస్తువులో కాకుండా విలువలో సరితూగితే చాలని ఒప్పుకోవడం అప్పుడే మొదలైంది. నేలమీద నిజంగా పని చేస్తున్న వారసుడు ఆ పొలం మొత్తం తనకే ఇమ్మని అడగొచ్చు, మిగతావాళ్ళకి తేడా డబ్బు రూపంలో కట్టాలి. 2006 చట్టం ఆ సూత్రాన్ని పూర్తిగా ఖాయం చేసింది: సమానత్వం విలువలో, వస్తువులో కాదు.

కాబట్టి ఇప్పుడు ఫ్రెంచ్ చట్టం అడిగేది విలువలో వాటా. మట్టిని కొయ్యాలా వద్దా అన్నది కుటుంబం తేల్చుకోవాలి. బర్గండీని నెపోలియన్ ముక్కలు చేశాడనేవాళ్ళు ఈ తేడాని పట్టించుకోరు.

గ్రో కుటుంబం ఏం తేల్చుకుంది

ఈ వంశం వోన్-రొమనేకి వచ్చింది 19వ శతాబ్దం మొదటి భాగంలో. 1860లో వాళ్ళు క్లో దె రెయా అనే తోట కొన్నారు. 2.12 హెక్టార్లు, అంటే ఐదెకరాల పైచిలుకు. చుట్టూ గోడ. హోదా ప్రీమియే క్రూ, అంటే పైనుంచి రెండో మెట్టు. వాలు అడుగుభాగాన ఉంటుంది కాబట్టి మట్టి కాస్త లోతు. మొత్తం తోటకి యజమాని ఒక్కరే. అలాంటి తోటని అక్కడ మొనొపోల్ అంటారు. ప్రతి అంగుళానికీ ఇద్దరు ముగ్గురు పొరుగువాళ్ళున్న బర్గండీలో ఈ మాట లేబుల్ మీద కనపడటం చిన్న విషయం కాదు.

1951లో లూయీ గ్రో చనిపోయాడు. పిల్లలు నలుగురు: జాన్, ఫ్రాన్స్వా, గుస్తావ్, కోలెట్. పన్నెండేళ్ళు ఉమ్మడిగానే లాగించారు. 1963లో విడిపోయారు. జాన్ ఒకటి, ఫ్రాన్స్వా ఒకటి పెట్టుకున్నారు. గుస్తావ్, కోలెట్ తమ రెండు వాటాలూ కలిపి ఒకే సంస్థగా నడిపారు. గ్రో ఫ్రేర్ ఎ స్యోర్ అలా పుట్టింది.

తర్వాతి తరంలో ఫ్రాన్స్వా వాటా ఆయన కూతురు ఆన్‌కి వచ్చింది. 1988లో ఆమె పగ్గాలు పట్టుకుంది. జాన్‌కి ముగ్గురు పిల్లలు. వాళ్ళలో బెర్నార్ తన బాబాయి, మేనత్తల సంస్థకి వెళ్ళి దాన్ని నడిపాడు. ఆన్-ఫ్రాన్స్వాజ్ పొమ్మార్ ఊళ్ళోని పరాన్ అనే వైన్ కుటుంబంలోకి పెళ్ళి చేసుకుని వెళ్ళింది. ఆమె వాటా ఎ. ఎఫ్. గ్రో పేరుతో విడిగా నిలబడింది. మన దగ్గర ఆస్తి గడప దాటకూడదని మేనరికాలు చేసినట్టు, బర్గండీలో వైన్ కుటుంబాలు వైన్ కుటుంబాలతోనే వియ్యమందడం మామూలే. ఒక తరంలో పంపకాలతో పోయిన మడి ఇంకో తరంలో పెళ్ళితో వచ్చి చేరుతుంది. లేబుళ్ళ మీద రెండేసి ఇంటిపేర్లు గీత పెట్టి కలిపి కనిపించడానికి ఎక్కువసార్లు కారణం అదే.

మిగిలింది మిషెల్. 1990ల మధ్యలో జాన్ గ్రో ఆస్తి ముగ్గురి మధ్య పంచుకోవాల్సి వచ్చింది. అందులో రెండు పెద్ద విషయాలున్నాయి: రిష్‌బూర్‌లో వాటా, క్లో దె రెయా. రిష్‌బూర్ గ్రాఁ క్రూ. దాన్ని ఇంకాస్త కోసినా పేరు పోదు. క్లో దె రెయాని మూడు ముక్కలు చేస్తే మాత్రం ఒక్కొక్కరికి 0.7 హెక్టార్లు వస్తుంది, మొనొపోల్ అన్న మాట మాత్రం ఎవరికీ మిగలదు. చివరికి క్లో దె రెయా మొత్తం మిషెల్ తీసుకున్నాడు. బదులుగా రిష్‌బూర్ వదులుకున్నాడు. ఇప్పుడు ఆన్ దగ్గర, ఎ. ఎఫ్. గ్రో దగ్గర, గ్రో ఫ్రేర్ ఎ స్యోర్ దగ్గర రిష్‌బూర్ ఉంది. మిషెల్ గ్రో సంస్థ జాబితాలో లేదు.

హోదాల నిచ్చెన చూసినవాళ్ళకి ఇది నష్టపు బేరంలా కనిపిస్తుంది. మొదటి మెట్టు వదిలి రెండో మెట్టు పట్టుకోవడమేమిటని. నాకు మాత్రం బర్గండీ పంపకాల్లో ఇంతకంటే తెలివైన పని కనపడలేదు. ఎకరంన్నర రిష్‌బూర్ ఉన్నవాడు ఆ పేరుతో అమ్మే పదిమందిలో ఒకడు. క్లో దె రెయా అమ్మేవాడు ప్రపంచంలో ఒక్కడే. నిబంధనల ప్రకారం ప్రీమియే క్రూలో హెక్టారుకి 40 హెక్టోలీటర్ల (హెక్టోలీటరంటే వంద లీటర్లు) ప్రాంతంలో తీస్తే, ఆ ఐదెకరాల నుంచి ఏడాదికి పది పదకొండు వేల సీసాలొస్తాయి. ఒక పేరుని జనం గుర్తుపెట్టుకోవడానికి ఆ సంఖ్య సరిపోతుంది.

పంపకం రుచిని ఎలా మారుస్తుంది

నేల పంచుకోవడం కాగితాల పనే అయినా దాని ప్రభావం గ్లాసులో తెలుస్తుంది. 0.60 హెక్టార్ల రిష్‌బూర్ ముక్క తీసుకుందాం. గ్రాఁ క్రూ కాబట్టి హెక్టారుకి సుమారు 35 హెక్టోలీటర్లు. అంటే 2,100 లీటర్లు. బర్గండీ పీపా 228 లీటర్లు కాబట్టి తొమ్మిది పీపాలు, 2,800 సీసాలు. మిషెల్ గ్రోకి క్లో ద వూజోలో ఉన్న ముక్క ఇంకా చిన్నది, 0.20 హెక్టార్లు. అరెకరం. మూడు పీపాలు.

మూడు పీపాల వైన్ చేయడం పెద్ద తొట్టెలో చేయడం కంటే కష్టం. పులిసేటప్పుడు పుట్టే వేడి చిన్న తొట్టెలో నిలవదు. ఒక పీపా పాడైతే మూడోవంతు పంట పోయినట్టే. ఎప్పుడు కొయ్యాలన్నది ఇంకో టెన్షన్. పది హెక్టార్ల కుటుంబానికి పదిహేను చోట్ల మళ్ళుంటాయి. అన్నీ ఒకేసారి పండవు, కూలీలు మాత్రం ఒక్క బృందమే. సెప్టెంబరులో వాన మబ్బు పట్టిందంటే ముందు ఏది కొయ్యాలో ఇంటి పెద్ద తేల్చాలి. బోన్‌లో ద్రాక్ష కోతల తేదీలు 1354 నుంచి నమోదై ఉన్నాయి. వాటిని కూర్చి చూసిన పరిశోధకులు 1988 తర్వాత కోతలు సగటున 13 రోజులు ముందుకి జరిగాయని 2019లో తేల్చారు. తాత అలవాటు చేసిన తేదీ ఇప్పుడు మనవడికి పనికిరాదు.

ఇక ఒకే తోటలో పక్కపక్క సాళ్ళు పంచుకున్న దాయాదుల వైన్లు ఎందుకు వేరుగా ఉంటాయంటే, నేల తర్వాత మిగిలేవన్నీ మనిషి నిర్ణయాలే కాబట్టి. ఎంత కత్తిరించాలి, కాడలు తీసేసి పులియబెట్టాలా కాడలతోనే వేయాలా, తొక్కల్ని రసంలోకి రోజుకి ఎన్నిసార్లు తొక్కాలి, కొత్త ఓక్ పీపాలు ఎన్ని, పాతవి ఎన్ని, ఏడాదికి సీసాల్లో పోయాలా ఏడాదిన్నర ఆగాలా. కొత్త పీపా ఎక్కువైతే వనిల్లా, కాల్చిన చెక్క వాసన ముందుకొస్తుంది. కాడలు ఉంచితే మసాలా ఘాటు, కాస్త వగరు. క్లో దె రెయా గురించి తాగినవాళ్ళు సాధారణంగా చెప్పేది మెత్తదనం, ఎర్రపళ్ళ వాసన, రిష్‌బూర్‌లా ఏళ్ళ తరబడి ఎదురుచూడక్కర్లేదని.

ఇంకో చిక్కుముడి కూడా ఉంది. లేబుల్ మీద పేరున్నవాళ్ళే నేల యజమానులు కానక్కర్లేదు. పారిస్‌లో డాక్టరుగానో లాయరుగానో స్థిరపడిన వారసుడు తన వాటాని కౌలుకిస్తాడు. ఫ్రాన్స్‌లో వ్యవసాయ కౌలు తొమ్మిదేళ్ళకి తక్కువ ఉండదు. లేకపోతే పాలుకిస్తాడు. పాలు అంటే పంటలో వాటా: మూడో వంతు నుంచి సగం దాకా యజమానికి చేరుతుంది. దాన్ని డబ్బుగా కాకుండా పీపాలుగానే తీసుకుని తన పేరుతో సీసాల్లో నింపుకునే యజమానులున్నారు. అప్పుడు ఒకే మడిలో ఒకే రోజు ఒకే చేతులు కోసిన పండు రెండు లేబుళ్ళతో బజారుకి వస్తుంది.

వంద ఏళ్ళ కిందట ఈ గొడవేమీ ఉండేది కాదు. చిన్న రైతులు వైన్‌ని పీపాలతోనే బోన్, న్వీ-సాఁ-జోర్జ్ పట్నాల్లోని టోకు వ్యాపారులకి అమ్మేసేవాళ్ళు. వాళ్ళు అన్నీ కలిపేవాళ్ళు. పల్చగా అనిపిస్తే దక్షిణ ఫ్రాన్స్ నుంచో అల్జీరియా నుంచో వచ్చిన ముదురు వైన్ కలిపి బర్గండీ పేరు పెట్టేవాళ్ళు. 1930ల్లో కొందరు రైతులు దీనికి ఎదురు తిరిగారు. వోల్నేలో మార్కీ దాంజెర్విల్, న్వీలో ఆఁరీ గూజ్, జెవ్రేలో అర్మాఁ రూసో తమ వైన్‌ని తామే సీసాల్లో నింపి అమ్మడం మొదలుపెట్టారు. నేల పేరుకి చట్టరక్షణ ఇచ్చే ఆపెల్లాసియోఁ డిక్రీ 1935లో వచ్చింది. సీసా మీద ‘మీ ఆఁ బుతేయ్ ఓ దొమేన్’ అని ఉంటే పండించినచోటే నింపారని అర్థం. కుటుంబ వైన్ కావాలనుకునేవాళ్ళు ముందు వెతకాల్సిన ముక్క అదే.

కొయ్యకుండా ఉంచడానికి పన్నే ఉపాయాలు

ఇప్పటి కుటుంబాలు నేలని కదపకుండా కాగితాన్ని పంచడం నేర్చుకున్నాయి. 1970 చట్టంతో వచ్చిన జి.ఎఫ్.ఎ. అనే పద్ధతిలో పొలం ఒక సంస్థ పేరున ఉంటుంది, వారసులకి షేర్లుంటాయి. నేలని ఆ సంస్థ ఇంట్లో పనిచేసే వారసుడికి దీర్ఘకాలం కౌలుకిస్తుంది. మంచి ఏర్పాటే. కానీ తరాలు గడిచేకొద్దీ షేర్లున్నవాళ్ళు ముప్పైమందో నలభైమందో అవుతారు. ఏడాదికి రెండు కేసుల వైన్, చిన్న కౌలు డబ్బు తప్ప ఏమీ రాని బంధువుకి, తన షేరు విలువ లక్షల యూరోలని తెలిసిన రోజు ఆలోచన మారుతుంది.

విలువ అలా పెరగడానికి కారణం బయటి డబ్బు. మొరే-సాఁ-దెనీ ఊళ్ళోని క్లో దె లాంబ్రే 2014లో ఎల్‌వీఎంహెచ్ లగ్జరీ గ్రూపు చేతికి వెళ్ళింది. 2017లో దాని పక్కనే ఉన్న క్లో ద తార్‌ని మొమ్మెస్సాఁ కుటుంబం నుంచి గూచీ లాంటి లగ్జరీ బ్రాండ్లున్న ఫ్రాన్స్వా పినో కుటుంబం కొన్నది. 1141లో సన్యాసినులు కొన్న నాటినుంచి లెక్కేస్తే అది నాలుగో యజమాని మాత్రమే. ఏడున్నర హెక్టార్ల తోట ఎన్నడూ ముక్కలు కాలేదు. పొలం అమ్మకం జరిగితే జోక్యం చేసుకుని యువ రైతుకి ఇప్పించడానికి సాఫేర్ అనే సంస్థ 1960 నుంచీ ఉంది. కానీ నేలకి బదులు కంపెనీ షేర్లు అమ్మితే చాలాకాలం దాని చేయి అంతగా సాగలేదు. ఆ సందుని మూసేందుకు 2021 డిసెంబరులో కొత్త చట్టం చేశారు.

పక్కతోట కోటీశ్వరుడు కొంటే అమ్మే ఉద్దేశమే లేని కుటుంబానికి ఏం నష్టం? పన్ను. వారసత్వ పన్నుని మార్కెట్ ధర మీద లెక్కిస్తారు. కోత్ దోర్‌లో గ్రాఁ క్రూ నేల హెక్టారు సగటు ధర 60 లక్షల యూరోలు దాటింది. ఇందాకటి 0.60 హెక్టార్లు ఒక తల్లి పేరున ఉన్నాయనుకుందాం, ఇద్దరు పిల్లలు. ఆ ధరకి విలువ 36 లక్షలు. ఒక్కొక్కరికి 18 లక్షలు. అందులో మొదటి లక్షకి పన్ను లేదు. మిగిలిన 17 లక్షల మీద మెట్లమెట్లుగా 40 శాతం దాకా పడి ఒక్కో బిడ్డ కట్టాల్సింది 5 లక్షల 30 వేల యూరోల పైమాటే. పిల్లలిద్దరికీ కలిపి ఆ ముక్క మీద వచ్చే పంట ఏడాదికి 2,800 సీసాలు.

పని ఆపకుండా నడిపే కుటుంబ సంస్థలకి ద్యుత్రెయ్ ఒప్పందం అనే మినహాయింపు ఉంది. నిర్ణీత ఏళ్ళపాటు అమ్మకూడదు, వారసుల్లో ఒకరు నడిపించాలి లాంటి షరతులన్నీ కుదిరితే విలువలో 75 శాతాన్ని లెక్కలోంచి తీసేస్తారు. అప్పుడు అదే బిడ్డ కట్టేది 68 వేల ప్రాంతంలోకి దిగుతుంది. దాంతోపాటు తల్లిదండ్రులు బతికుండగానే పంచి ఇచ్చే పద్ధతి ఇంకోటి. దానికి రెండు లాభాలు. పంచిన రోజు ధరే వాటాల లెక్కకి ఖాయమవుతుంది, తర్వాత రిష్‌బూర్ ధర రెట్టింపైందని తమ్ముడు వచ్చి అన్నని తిరిగి అడగడానికి వీల్లేదు. రెండోది, ఒక్కో బిడ్డకి లక్ష యూరోల మినహాయింపు 15 ఏళ్ళకోసారి మళ్ళీ దొరుకుతుంది. నలభై ఏళ్ళ వయసులో నోటరీ దగ్గరికి వెళ్ళిన తల్లి దాన్ని మూడుసార్లు వాడుకోగలదు. డెబ్బై దాటాక వెళ్ళినవాళ్ళకి ఒకసారి దొరికితే గొప్ప.